చెరువు గట్టు మీద పన్నెండో టీ

కొల్లేటి చెరువుల మీద తెల్లవారుజామున మూడు గంటలకు కన్ను మూసినవాడు నష్టపోతాడు. పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచు కూడా చేపల్లాగే ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. అందుకే తెల్లారే ముందు నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే ఇంకా తక్కువ. బొచ్చెలూ శీలావతులూ నీటి పైకి తేలి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయంటే, వెంటనే ఏరేటర్లు తిప్పకపోతే ఏడాది కష్టం గంటలో పోతుంది.

మా పెదనాన్నగారి అబ్బాయి కైకలూరు దగ్గర చెరువులు చేస్తాడు. పగలు అన్నయ్యతో పని చేయించడం ఎవరివల్లా కాదు. మేత బస్తాల లెక్క రాయడానికి కూర్చుని సగంలో లేచిపోతాడు. మోటారు వేసి మర్చిపోతాడు. బండి తాళం జేబులోనే పెట్టుకుని ఇల్లంతా వెతికిస్తాడు. మనం చెప్పేది పూర్తికాకముందే అతని చూపు గోడ దాటి వెళ్లిపోతుంది. రాత్రి గట్టు మీద గుడిసెలో ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం వేరే మనిషి. "టీ పడితేనేరా తమ్ముడూ, నా బుర్ర ఒక్క చోట కూర్చుంటాది" అనేవాడు. అందరం అది అలవాటు మాట అనుకున్నాం.

మూడేళ్ల కిందట వాళ్ల అమ్మాయిని ఏలూరులో ఒక మానసిక వైద్యురాలికి చూపించారు. క్లాసులో నిలవడం లేదని టీచరు చెప్పి పంపించింది. డాక్టరుగారు పిల్లను పరీక్షించి, ఏడీహెచ్‌డీ అని చెప్పి, తండ్రి వైపు తిరిగారట.

"మీరు చిన్నప్పుడు ఎలా ఉండేవారండీ?"

"అచ్చం ఇలాగేనండీ. మా నాన్నగారు గుంజకు కట్టేసేవారు."

"రోజుకు టీలు ఎన్ని తాగుతారు?"

"పన్నెండు దాకా అవుతాయండీ."

ఆవిడ ఆ అంకెను కాగితం మీద రాసుకున్నారట. అన్నయ్య ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కుదురు లేని మనిషిని టీల లెక్క ఎందుకు అడిగారు? ఆ ప్రశ్న పట్టుకుని చదువుకుంటూ పోతే దారి జర్మనీ మీదుగా, అమెరికా మీదుగా తిరిగి తిరిగి భీమవరంలో తేలింది.

కుదురు అనే మాట గురించి ముందు చెప్పాలి. అడుగు గుండ్రంగా ఉండే కుండ నేల మీద నిలవదు, దొర్లిపోతుంది. వరిగడ్డి చుట్టి దాని కింద పెట్టే కట్టునే కుదురు అంటాం. కుదురు లేకపోతే కుండ పగిలినట్టు కాదు, కుండలో లోపం ఉన్నట్టూ కాదు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల గురించి నేను విన్న వర్ణనల్లో మన అమ్మమ్మలు వాడిన ఈ మాటకు మించింది లేదు. శ్రద్ధ లేకపోవడం కాదు వాళ్ల ఇబ్బంది. శ్రద్ధను కావలసిన చోట నిలబెట్టే కట్టు సరిగ్గా పట్టకపోవడం.

ఏకాగ్రతను ఏకంగా ఒక కళగా చేసుకున్న జాతి మనది. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన దివాకర్ల తిరుపతి శాస్త్రి ఈ గోదావరి డెల్టాలోనే, యండగండిలో పుట్టారు. అష్టావధానంలో ఎనిమిదిమంది ఎనిమిది వైపుల నుంచి లాగుతుంటారు. వాళ్లలో ఒకరి పని కేవలం అడ్డం తగలడమే. దానికి అప్రస్తుత ప్రసంగం అని పేరు. అవధాని ఆ అల్లరికి జవాబిస్తూనే పద్యంలో తన చోటు పోగొట్టుకోకుండా, చివర అన్నీ కలిపి ధారణ చేయాలి. మా అన్నయ్య తలలో ఆ అప్రస్తుత ప్రసంగి పొద్దున్న లేచింది మొదలు నోరు మూయడు. అడ్డుకునేవాడికి జవాబిచ్చి మళ్లీ పద్యం అందుకునే శక్తే అతనికి తక్కువ. ఇప్పటి వైద్యులు ఆ ధారణనే వర్కింగ్ మెమరీ అంటారు.

ఇక టీ సంగతి. 1819లో జర్మనీలోని జెనా పట్టణంలో ఫ్రీడ్‌లీబ్ రుంగే అనే పాతికేళ్ల రసాయన శాస్త్రజ్ఞుడు పిల్లిని చంకన పెట్టుకుని మహాకవి గోథే ఇంటికి వెళ్లాడు. బెలడోనా మొక్క రసం వేస్తే పిల్లి కంటిపాప ఎలా విప్పారుతుందో చూపించాడు. గోథే సంతోషించి, అప్పట్లో అరుదైన కాఫీ గింజలు కొన్ని చేతిలో పెట్టి, వీటినీ పరీక్షించి చూడమన్నాడు. రుంగే వాటిలోంచి తెల్లని స్ఫటికాలు తీశాడు. అదే కెఫీన్. 1827లో ఉద్రీ అనే ఆయన టీ ఆకులోంచి ఒక పదార్థం తీసి దానికి థీన్ అని వేరే పేరు పెట్టాడు. 1838లో తేలిందేమిటంటే, రెండూ ఒకటే. టీ తాగేవాళ్లకూ కాఫీ తాగేవాళ్లకూ మధ్య ఎన్ని వాదాలున్నా తాగేది ఒకే మందు, మోతాదే వేరు. ద్వారకా తిరుమల వైపు కొబ్బరి తోటల్లో అంతర పంటగా వేసే కోకోలో దీనికి తమ్ముడి వరసయ్యే థియోబ్రొమీన్ ఉంటుంది.

తర్వాత ఆల్బ్రెక్ట్ కోసెల్ వచ్చాడు. 1885లో ఆయన జంతువుల క్లోమంలో అడెనీన్ అనే పదార్థాన్ని కనిపెట్టాడు. 1888లో టీ ఆకులోంచి థియోఫిలీన్ అనే ఇంకో కెఫీన్ చుట్టాన్ని తీశాడు. అడెనీన్ జంతువు లోపలిది, థియోఫిలీన్ ఆకు లోపలిది. రెండూ ఒకే కుటుంబం. రెండు రేకులు అతికించినట్టుండే ఆ అణు చట్రానికి ఎమిల్ ఫిషర్ ప్యూరిన్ అని పేరు పెట్టాడు. ఆ ఫిషరే 1895లో ప్రయోగశాలలో కెఫీన్‌ను మొదటిసారి పూర్తిగా తయారుచేశాడు. శరీరంలో తిరిగే అణువుకూ టీ గ్లాసులో తేలే అణువుకూ ముఖం పోలిక ఉందన్న సంగతి అప్పటికే కాగితం మీద ఉంది. ఆ పోలికకు అర్థమేమిటో తెలియడానికి మరో 75 ఏళ్లు పట్టింది.

అదే 1895లో, జనవరి 12న, భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు.

తాడేపల్లిగూడెం నుంచి భీమవరానికి బస్సులో వెళ్తే గంట ప్రయాణం. ఆ దారిలో పెరిగిన నాకు ఆయన పేరు పాఠంలో చదివిన పేరే. కేన్సర్ మందు, బోదకాలు మందు, ఆరియోమైసిన్ అని కంఠస్థం చేశాం. కానీ వాటన్నిటికన్నా ముందు ఆయన చేసిన పనికే మన టీ గ్లాసుతో చుట్టరికం ఉంది. ఆ కుర్రాడు 13 ఏళ్లప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఇంట్లోంచి పారిపోయాడు. తల్లి వెనక్కి తెప్పించింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కాడు. ఈ సంగతులు చెప్పి ఆయనకు ఫలానా జబ్బు ఉందనడం నాకు ఇష్టం లేదు. పోయిన మనిషికి ఎవరూ రోగ నిర్ధారణ చేయకూడదు. ఇలాంటి పిల్లవాణ్ణి చూసి "వీడు పనికిరాడు" అని తీర్పు చెప్పే పెద్దలు మాత్రం ఈ కథ గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

మద్రాసులో వైద్యం చదివి, ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో బోస్టన్ చేరిన సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనికి కుదిరాడు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, కండలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. దాన్ని ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. జంతువుల కండ రసంతో ఆ పరీక్ష చేస్తుంటే రంగు రావలసినంత త్వరగా రాలేదు, ఆలస్యంగా చిక్కబడింది. ఇంకొకరైతే పరీక్ష పాడైందని పారబోసేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. అందులోంచి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1929లో అడెనొసీన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్నే కనిపెట్టాడు. కండ కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమన్న నోబెల్ గ్రహీతల సిద్ధాంతం ఈ పనితో కదిలిపోయింది.

ఏటీపీ శరీరానికి చేతి ఖర్చు డబ్బు. కణం ఏ పని చేయాలన్నా దాన్ని విరిచి ఖర్చుపెట్టాల్సిందే. విరిచిన ముక్కలను మళ్లీ అతికించి వాడుకుంటూ, మనిషి రోజుకు దాదాపు తన ఒంటి బరువంత ఏటీపీని తిప్పుతాడు. మెదడు బరువు ఒంట్లో నూటికి రెండు పాళ్లే అయినా ఖర్చులో ఐదో వంతు దానిదే. ఏటీపీ నుంచి మూడు ఫాస్ఫేట్లూ ఊడిపోతే మిగిలేది ఉత్త అడెనొసీన్. ఖర్చు చీటీలాంటిది. పొద్దున్నుంచి మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో ఈ చీటీలు పోగుపడతాయని 1997లో పిల్లుల మీద చేసిన ప్రయోగంలో చూశారు. అడెనొసీన్ గుండె వేగాన్ని తగ్గిస్తుందని డ్రూరీ, సెంట్-గ్యోర్గీ అనే ఇద్దరు రాసింది కూడా ఆ 1929లోనే. ఒక్క ఏడాదిలో ఒక ఖండంలో ఏటీపీ, ఇంకో ఖండంలో దాని శేషం చేసే పని తెలిశాయి. రెంటినీ కలిపి చూసినవాడు అప్పటికి లేడు.

1970లో సాటిన్, రాల్ అనే శాస్త్రజ్ఞులు మెదడు ముక్కల మీద ప్రయోగం చేస్తూ, కెఫీన్ కుటుంబం అడెనొసీన్ పనికి అడ్డం పడుతోందని చూపించారు. 1981లో సాలమన్ స్నైడర్ బృందం, కెఫీన్ తెచ్చే హుషారుకు కారణం ఈ అడ్డుకోవడమేనని రుజువులు పెట్టింది.

దీన్ని ఆర్టీసీ బస్సుతో చెబితే మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మెదడులో అడెనొసీన్ కోసం సీట్లున్నాయి. అది వచ్చి కూర్చుంటే కణం నెమ్మదిస్తుంది, మనకు బడలిక తెలుస్తుంది. అడెనొసీన్‌లో ఉన్నది ఆ కోసెల్ అడెనీనే, కెఫీన్ ముఖం దాని ముఖంలా ఉంటుంది కనుక కిటికీలోంచి ముందే చేతిరుమాలు వేసేస్తుంది. తను కణాన్ని నెమ్మదింపజేయదు, అవతలివాణ్ణి కూర్చోనివ్వదు. అడెనొసీన్ ఎక్కడికీ పోదు, బస్సులో నిలబడి చూస్తూ ఉంటుంది. నాలుగైదు గంటలకు సగం రుమాళ్లు లేచిపోతాయి. అప్పటిదాకా నిలబడ్డవాళ్లంతా ఒక్కసారి కూలబడతారు. సాయంత్రం నాలుగింటికి మా అన్నయ్య మొహం వాడిపోయి, చిరాకు పడి, ఏడో టీ కోసం కేకవేసేది అందుకే. టీ శక్తిని ఇవ్వదు. ఖర్చైన సంగతి కాసేపు కనపడనివ్వదు.

ఇంతవరకు నిద్ర కథ. కుదురుకు సంబంధం ఇక్కడ మొదలవుతుంది. ఈ సీట్లలో ఏ2ఏ అనే రకం మెదడు లోతుల్లో స్ట్రయేటం అనే చోట గుంపుగా ఉంటుంది. వాటి పక్క సీట్లే డోపమీన్‌వి. అడెనొసీన్ తన సీట్లో కూర్చుంటే పక్కనున్న డోపమీన్ మాట సాగదు. కెఫీన్ రుమాలు వేస్తే డోపమీన్ గొంతు కాస్త పెరుగుతుంది. ఈ పని చేద్దాం, ఇందులోనే ఉందాం అనిపించే గొంతుల్లో డోపమీన్ ముఖ్యమైనది. ఏడీహెచ్‌డీలో పట్టు తప్పేవాటిలో ఒకటి అదే. అంటే గుడిసెలో అన్నయ్య అనుభవం కల్పన కాదు. దొడ్డిదారినైనా టీ సరైన ఇంటికే వెళ్తోంది.

నేరుగా సింహద్వారం దగ్గరకు వెళ్లే మందు అనుకోకుండా దొరికింది. 1937లో అమెరికాలో రోడ్ ఐలండ్‌లోని ఒక పిల్లల ఆస్పత్రిలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు, వెన్ను నీరు తీసే పరీక్ష తర్వాత వచ్చే తలనొప్పి తగ్గుతుందేమోనని పిల్లలకు బెంజెడ్రిన్ ఇచ్చాడు. తలనొప్పి తగ్గలేదు. కానీ 30 మందిలో దాదాపు సగం మంది బడి పనిలో ఆశ్చర్యపోయేంత కుదురుకున్నారు. పిల్లలే వాటికి లెక్కల మాత్రలని పేరు పెట్టుకున్నారు. 1944లో స్విట్జర్లాండ్‌లో లియాండ్రో పానిట్సోన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. భార్య రీటా పేరు కలిసొచ్చేలా దానికి రిటాలిన్ అని పేరు పెట్టారు. ఈ మందు డోపమీన్‌ను, నోరడ్రెనలిన్‌ను త్వరగా లోపలికి లాగేసుకోకుండా ఆపుతుంది.

1973లో ష్నాకెన్‌బర్గ్ అనే అమెరికన్ డాక్టరు, కట్టడి ఉన్న ఈ మందుల బదులు కాఫీ ఇస్తే సరిపోదా అని అడిగాడు. కొద్దిమంది పిల్లలకు ఇచ్చి, బాగుందని రాశాడు. ఎంతో ఆశ పుట్టించిన మాట అది. చవక, ప్రతి ఇంట్లో దొరుకుతుంది, భయం లేదు. 1975లో ఎవరికి ఏది ఇచ్చారో డాక్టరుకూ పిల్లలకూ తెలియకుండా కట్టుదిట్టంగా పరీక్షించారు. కెఫీన్ మందు లేని ఉత్త మాత్రను దాటలేదు, అసలు మందు దాటింది. ఇటీవల 2023లో పిల్లల మీద జరిగిన ప్రయోగాలన్నీ కూడి చూసినా మొత్తం మీద అదే ఫలితం. బ్రెజిల్‌లో 2005లో ఏడీహెచ్‌డీ లక్షణాలున్న ఒక జాతి ఎలుకలు మాత్రం కెఫీన్‌తో దారి గుర్తుపెట్టుకోవడంలో మెరుగుపడ్డాయి. ఎలుకల దగ్గర మొలిచిన ఆశ పిల్లల దగ్గర వాడిపోయింది.

పెద్దవాళ్ల సంగతి ఆలస్యంగా తెర మీదకొచ్చింది. ఇది పిల్లల జబ్బేననీ, వయసొస్తే పోతుందనీ చాలాకాలం నమ్మారు. 1970ల్లో పాల్ వెండర్ లాంటివాళ్లు పట్టుపట్టాక, 1980లో అమెరికన్ మానసిక వైద్యుల పుస్తకంలో పెద్దల్లో మిగిలిపోయే రకానికి చోటు దక్కింది. 2011లో ఒక వైద్య పత్రిక పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీకి టీ పనిచేస్తుందా అన్న ప్రశ్ననే ప్రతిపాదనగా అచ్చువేసింది. అది ఊహ, ప్రయోగం కాదు. ఈ తేడాను నొక్కి చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే మన వాట్సాప్ గుంపుల్లో అలాంటి ఊహలే "శాస్త్రవేత్తలు తేల్చేశారు" అంటూ తిరుగుతుంటాయి.

ఆ పత్రిక కాఫీ గురించి కాకుండా టీ గురించే ఎందుకు అడిగింది? టీలో ఇంకో సరుకుంది. 1949లో జపాన్‌లోని క్యోటో దగ్గర సకాటో అనే శాస్త్రజ్ఞుడు నీడలో పెంచే గ్యొకురో టీ ఆకులోంచి థియానిన్ తీశాడు. టీకి ఉన్న ఆ కమ్మదనం దానిదే. కెఫీన్ ఉరుకులు పెట్టిస్తే థియానిన్ కళ్లెం వేస్తుందని చాలామంది పరీక్షల్లో చూశారు. 2020లో శ్రీలంక పరిశోధకులు పాల్గొన్న ఒక చిన్న ప్రయోగంలో, ఏడీహెచ్‌డీ ఉన్న అబ్బాయిలకు కెఫీన్ ఒక్కటే ఇస్తే తమను తాము ఆపుకోవడం ఇంకా తగ్గింది. రెండూ కలిపి ఇస్తే కుదురు వైపు మొగ్గు కనిపించింది. ఆ ప్రయోగంలో ఉన్నది ఐదుగురే. మందుగా వాడే థియానిన్ మోతాదులు వంద మిల్లీగ్రాముల పైమాటే. మన గ్లాసులో మహా ఉంటే పాతిక.

మన గ్లాసు గురించి కూడా చెప్పుకోవాలి. 1930ల్లో అస్సాంలో మెకెర్చర్ అనే తోటల మేనేజరు ఆకును నలిపి, చింపి, ఉండ చుట్టే సీటీసీ యంత్రం పట్టాలెక్కించాడు. టీ రవ్వగా, పొడిగా మారింది. నాలుగు మరుగులకే డికాషన్ నల్లగా దిగే డస్టు టీ మన బళ్ల మీదకొచ్చింది దాని పుణ్యాన. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో లారీలు దిగేవేళ హమాలీలు తాగే చిన్న గ్లాసులో కెఫీన్ ముప్పై మిల్లీగ్రాములు అటూ ఇటూ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. గర్భిణులకు 200. అన్నయ్య పన్నెండు గ్లాసులూ చివరి హద్దుకు దగ్గరే. పంచదార లెక్క విడిగా వేస్తే ఇంకా భయం. అన్నంతో పాటు టీ తాగితే తిండిలో ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద నష్టం నిద్ర దగ్గర. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో చాలామందికి మామూలుగానే నిద్ర ఆలస్యం. 400 మిల్లీగ్రాముల కెఫీన్ పడుకునే ఆరు గంటల ముందు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గుతుందని 2013లో కొలిచి చెప్పారు. నిద్ర తగ్గితే మర్నాడు కుదురు ఇంకా తగ్గుతుంది. దాన్ని ఆపుకోవడానికి ఇంకో టీ. అన్నయ్య ఇరవై ఏళ్లుగా ఈ గానుగలో తిరుగుతున్నాడని ఆ వైద్యురాలు టీల అంకె అడిగి కనిపెట్టారు. ఆవిడ టీ మానమనలేదు. బీపీ చూసి, గుండె చూసి, మాత్ర రాసి, మాత్ర వేసుకున్న పూట టీలు తగ్గించమన్నారు, రెండూ గుండెను పరిగెత్తిస్తాయి కనుక. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తుంది, పెద్ద డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరు. అటమాక్సెటిన్ అనే మరో మందు కూడా ఉంది. ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టరే చూడాలి. ఈ వ్యాసం చదివి ఎవరైనా మాత్ర మానేసి టీ పెట్టుకుంటే నేను రాసిందంతా వృథా.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. టీ ఇచ్చే ఆ కాస్త ఊరటే ఇన్నాళ్లూ అన్నయ్యలాంటివాళ్లకు దక్కిన ఏకైక వైద్యం. అది కూడా తిట్ల మధ్య దక్కింది. మతిలేనోడు, బాధ్యత లేనోడు, టీలకే పుట్టినోడు అని అందరం అన్నాం. నేనూ అన్నాను.

మొన్న కార్తీకంలో వెళ్లినప్పుడు రాత్రి గట్టు మీద కూర్చున్నాం. ఇప్పుడు వారంలో మూడు రాత్రులే అతని కాపలా, మిగతావి వాచ్‌మన్‌వి. మధ్యాహ్నం రెండు దాటాక టీ లేదు, కాపలా రాత్రులు తప్ప. ఆ రాత్రులకైనా ఫ్లాస్కు చిన్నదైంది. నేను సుబ్బారావుగారి కథ, రుమాళ్ల కథ చెప్తుంటే అన్నయ్య చివరిదాకా విన్నాడు. మధ్యలో లేవలేదు.

"ఆ ఏటీపీ కనిపెట్టినాయన మన భీమవరమేనంట్రా?"

"అవునన్నయ్యా."

"కాశీ పారిపోయాడా?"

"ఆఁ. పదమూడేళ్లప్పుడు."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టార్చి నీళ్ల మీదికి తిప్పాడు. పది గజాల అవతల రెండు బొచ్చెలు నోళ్లు తెరిచి ఉన్నాయి. లేచి వెళ్లి ఏరేటరు స్విచ్చి వేసి, గుడిసె గోడకు వేలాడే పుస్తకం తీసి, టైము మూడూ పది అని రాసి వచ్చి కూర్చున్నాడు.